బస్సు పార్శిల్‌లో వచ్చిన అసిల్ గుడ్లు: ఇంక్యుబేటర్‌లో పెట్టేముందు, పెట్టినాక

హంద్రీగట్టు (కర్నూలు)

అన్నలకు, అక్కలకు నమస్కారం. భీమవరం నుంచి 24 అసిల్ (పందెం కోళ్ల జాతి) గుడ్లు బస్సు పార్శిల్‌లో వస్తాన్నాయి. చేతికి అందేసరికి 15 గంటలు పట్టేట్టుంది. నా ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే పెట్టె) థర్మకోల్‌ది. 40 వాట్ల బల్బులు రెండు, 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్, డబ్ల్యూ1209 థర్మోస్టాట్ (వేడిని బట్టి బల్బులు ఆపి వెలిగించే బోర్డు) ఉన్నాయి. గుడ్లు తిప్పే మోటారు లేదు. మార్చి రెండో వారం, మధ్యాహ్నం ఇంట్లోనే 34 డిగ్రీలు చూపిస్తాంది. ఇంటి పెట్టల గుడ్లకు ఈ పెట్టె బాగానే పనిచేస్తాంది. పార్శిల్ గుడ్లకు వేరే ఏం చేయాల? రాగానే పెట్టొచ్చా, ఆపాల్నా? తిప్పేది ఎప్పటినుంచి?

కుందూనది (ప్రొద్దుటూరు)

రాగానే పెట్టొద్దు తమ్ముడూ. ముందు ఒక్కో గుడ్డును చీకటి గదిలో లైటు మీద చూడు. సెల్‌ఫోన్ టార్చి మీద అంగుళం పీవీసీ కప్లింగ్ నిలబెట్టి, గుడ్డు లావు కొసను దాని మీద ఆనించు. పక్కకు వెలుగు పోకుండా ఉంటే చాలు, వేరే మిషను అక్కర్లేదు.

లావు కొసలో గాలి గది కనపడతాది. ఇంటి గుడ్డులో అది రూపాయి బిళ్లంత గుండ్రంగా, కదలకుండా ఉంటాది. బస్సులో కుదుపులు తిన్న గుడ్డులో మూడు రకాలు చూస్తావు. కొన్నిట్లో గది అంచు ఒక పక్కకు జారి గుర్రం జీను మాదిరి వంగి ఉంటాది. కొన్నిట్లో గుడ్డు వంచితే గది కూడా సీసాలో నీళ్ల మట్టం మాదిరి అటూ ఇటూ జరుగుతాది. లోపలి పొర గుడ్డు పెంకునుంచి ఊడిపోయింది అని అర్థం. మూడో రకంలో పొరే చినిగి, చిన్న బుడగలు తెల్లసొనలో తేలుతా తిరుగుతాంటాయి. మొదటి రకం చాలావరకు కుదురుకుంటాది. రెండో రకానికి సగం ఆశ. మూడోదాన్ని పెట్టినా పిల్ల రావడం అరుదు, చోటుంటే పెట్టు.

చూసినాక అన్నీ సన్న కొస కిందికి, లావు కొస పైకి ఉండేట్టు అట్ట ట్రేలో నిలబెట్టి 24 గంటలు కదిలించొద్దు. గది అంచును పెన్సిల్‌తో గీసి పెట్టుకో, తర్వాత పోల్చుకోవచ్చు. స్కెచ్ పెన్ను వాడొద్దు, రంగు పెంకు రంధ్రాల్లోకి దిగుతాది.

వెంట్రుక చీలిక ఉన్న గుడ్డుకు కొవ్వొత్తి మైనం పూసి పెట్టేవాళ్లు ఉన్నారు. నేనైతే వద్దంటా. 37 డిగ్రీల వేడిలో అది మురిగి పగిలితే పక్క గుడ్లన్నీ చెడతాయి.

చిత్రావతి (అనంతపురం)

కుందూ అన్న కుదుపుల సంగతి చెప్పినాడు. మన సీమలో దానికంటే పెద్ద శత్రువు ఎండ. పుంజు తగిలిన గుడ్డులో పిండం సుమారు 20, 21 డిగ్రీలు దాటితే మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. బస్సు డిక్కీలో 35, 38 ఉంటే సగం సగం పెరిగి, తర్వాత గదిలో ఆగి, మళ్లీ ఇంక్యుబేటర్‌లో మొదలై బలహీనపడిపోతుంది. మూడో రోజు, నాలుగో రోజు రక్తపు ఉంగరం కట్టి చనిపోయే గుడ్లలో చాలావాటి కథ దారిలోనే మొదలై ఉంటుంది.

అందుకని పంపేవాళ్లను రాత్రి బస్సుకే వేయమనండి. ఒక్కో గుడ్డుకు బబుల్ కవరు చుట్టి, సన్న కొస కిందికి పెట్టి, సందుల్లో వరి పొట్టు కూరి, డబ్బా పక్కలకు గాలి రంధ్రాలు పెట్టించండి. డబ్బా ఊపితే లోపల చప్పుడు రాకూడదు. ఏడు రోజులకంటే పాత గుడ్లు ఆ డబ్బాలో కలపొద్దని ముందే చెప్పండి.

ఆ 24 గంటలు గుడ్లు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. ఫ్రిజ్‌లో వద్దు, 4 డిగ్రీలు మరీ చలి. పెద్ద మట్టి కుండలో అడుగున నాలుగు వేళ్ల మందం తడి ఇసుక పోసి, మధ్యలో ఆరిన చిన్న కుండ దించి, రెండు కుండల మధ్య సందులో కూడా తడి ఇసుక నింపండి. ట్రేను ముక్కలుగా కోసి గుడ్లు లోపలి కుండలో నిలబెట్టి, పైన తడి గోనెసంచి కప్పండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గది 34 ఉన్నా కుండలో 23, 24కు దిగుతుంది. లోపల థర్మామీటరు పెట్టి చూసుకోండి. గుడ్ల మీద మాత్రం నీళ్లు తగలకూడదు, తడి పెంకు మీద నుంచి క్రిములు లోపలికి పోతాయి. గుడ్లు కడగడం కూడా అందుకే వద్దు. రెట్ట అంటి ఉంటే ఆరినాక నున్నటి ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దండి.

వైండింగ్ షాపు (గుంతకల్లు)

డబ్ల్యూ1209 గురించి నేను చెప్తా. ఆ బోర్డులో పీ0 దగ్గర హెచ్ ఉండాల, అంటే వేడి చేసే పద్ధతి. పీ1 అంటే ఆగినాక ఎంత తగ్గితే మళ్లీ అంటుకోవాల అనేది. కొత్త బోర్డులో అది 2 డిగ్రీలు ఉంటాది. దాన్ని అట్లే వదిలితే 37.5కు ఆగిన బల్బు 35.5కు గానీ వెలగదు. 0.2కు దించు. పీ4 అనేది సెన్సరు తప్పు చూపిస్తే సరిచేసేది.

సరిచేసే విధానం: గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, డబ్ల్యూ1209 సెన్సరు రెండూ ఒకే లోతులో ముంచు. నీళ్లు కలుపుతా ఉండు. జ్వరం థర్మామీటరు 37.6 అని బోర్డు 38.2 అంటే పీ4లో మైనస్ 0.6 పెట్టు. అర డిగ్రీ తేడా చిన్నదనుకోవద్దు. 21 రోజులు అర డిగ్రీ ఎక్కువైతే పిల్ల ముందే లేస్తాది, బొడ్డు మానకుండానే బయటికి వస్తాది.

ఫ్యాన్ ఎప్పుడూ తిరగాల, బల్బుతో పాటు ఆగకూడదు. ఫ్యాన్ ఉన్న పెట్టెకు 37.5. ఫ్యాన్ లేని పెట్టెకు గుడ్డు పైభాగం ఎత్తులో 38.3 నుంచి 38.9. సెన్సరు గుడ్డు తలకు సమానంగా వేలాడాల, బల్బుకు ఎదురుగా కాదు.

తేమ మీటరుకు కూడా పరీక్ష పెట్టు. సీసా మూతలో చెంచా ఉప్పు వేసి, తడి ఇసుక మాదిరి అయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్లు కలుపు. మూత, మీటరు రెండూ జిప్పు కవర్లో పెట్టి 10 గంటలు ఆగు. 75 చూపాల. 68 చూపితే నీ మీటరు 7 తక్కువ చెప్తాందని రాసి పెట్టుకో.

డేగపుంజు (కడప)

తిప్పే సంగతి ఎవరూ చెప్పలేదు. పార్శిల్ గుడ్లు అసలు వారం దాకా తిప్పకూడదు. గాలి గది అతుక్కునేదాకా నిలబెట్టి వదిలేయడమే మంచిది. చాలామంది అట్లే చేస్తారు.

కుందూనది (ప్రొద్దుటూరు)

డేగన్నా, వారం వద్దు. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా తిప్పడం అన్నిటికంటే ముఖ్యం. రక్తనాళాల వల పెంకు లోపల చుట్టూ పరుచుకునేది ఆ రోజుల్లోనే. అప్పుడు తిప్పకపోతే వల పూర్తిగా పరుచుకోదు, పిండం ఒకపక్క పొరకు అతుక్కునే భయం కూడా ఉంటాది. 18వ రోజుకు తెల్లసొన మిగిలిపోయి, పిల్ల జిగట జిగటగా ఉండి లోపలే చచ్చిపోతాది. దెబ్బ వారం తర్వాత కనపడదు, చివర్లో కనపడతాది. అందుకే తిప్పకపోవడం వల్ల ఏం కాలేదు అనిపిస్తాది.

బయట 24 గంటలు, పెట్టెలో మొదటి రెండు రోజులు నిలబెట్టి కదిలించొద్దు. అంతే. మూడో రోజు నుంచి వంచడం మొదలుపెట్టాల. దొర్లించొద్దు, వంచాల. గుడ్డు నిలబడే ఉంటాది, ట్రే మాత్రం ఒక పక్క 45 డిగ్రీలు, తర్వాత ఇంకో పక్క 45 డిగ్రీలు ఒరుగుతాది. గాలి గది పైనే ఉంటాది కాబట్టి ఊడిన పొర మీద బరువు పడదు.

మోటారు లేదన్నావు కదా. 30 గుడ్ల అట్ట ట్రేను రెండు వరుసల ముక్కలుగా కోయి. ఒక్కో ముక్క వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లు వస్తాది. ఒక అంచు కింద 7 సెంటీమీటర్ల కట్టె ముక్క పెడితే 45 డిగ్రీలు వంగుతాది. పెద్ద ట్రేకు ఇది చేయాలంటే జానెడు ఎత్తు లేపాల, పెట్టెలో పట్టదు. రోజుకు ఐదుసార్లు కట్టె మార్చు: పొద్దున 5, 9, మధ్యాహ్నం 1, సాయంత్రం 5, రాత్రి 10. ఐదు ఎందుకంటే బేసి సంఖ్య అయితే రాత్రి పొడుగు ఒరుగు ఒకరోజు ఎడమకు, మరుసటి రోజు కుడికి పడతాది.

డేగపుంజు (కడప)

సరేనన్నా, ఆ చివరి మాట అర్థమైంది. 18వ రోజు తర్వాత జిగటగా చచ్చిన పిల్లలకు తేమ ఎక్కువైందని అనుకుంటారు అందరూ. తిప్పనిదానికీ అదే గుర్తు అని ఇప్పుడు తెలిసింది.

చిత్రావతి (అనంతపురం)

తేమ సంగతి. పుస్తకాల్లో 45 నుంచి 50 శాతం అని ఉంటుంది, 18వ రోజు నుంచి 65, 70. అది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె. గుడ్డు నిజంగా ఎంత నీళ్లు పోగొట్టుకుంటోందో తూకమే చెబుతుంది. గాలి గది జారిన గుడ్లలో గది సైజు చూసి అంచనా వేయలేం, అందుకని పార్శిల్ గుడ్లకు తూకం తప్పదు.

0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ త్రాసు కొనండి. పెట్టేరోజే ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో నంబరు, బరువు రాయండి. 18 రోజుల్లో సుమారు 12 శాతం తగ్గాలి. 45 గ్రాముల గుడ్డు 39.6కు రావాలి, రోజుకు 0.3 గ్రాములన్నమాట. ఎక్కువ తగ్గితే నీళ్లు పెంచండి, తక్కువ తగ్గితే తీయండి. నీళ్ల లోతుతో పనిలేదు, పైన ఎంత వెడల్పు గాలికి తగులుతుందో అదే లెక్క. వెడల్పు మూత, అందులో స్పాంజి ముక్క. మన బోరునీళ్లకు స్పాంజి వారంలో సున్నం పట్టి గట్టిపడిపోతుంది, ఆర్‌ఓ నీళ్లు పోయండి, లేదంటే స్పాంజి మార్చండి.

నీళ్లు పోయడానికి మూత తెరవకుండా సెలైన్ ట్యూబు ఒకటి గోడలోంచి మూతలోకి దించి పెట్టుకోండి. చివరి మూడు రోజులు దాని విలువ తెలుస్తుంది.

హంద్రీగట్టు (కర్నూలు)

అందరికీ చాలా థ్యాంక్స్. ఈరోజు ఏడో రోజు. లెక్క పెడతాన్నా, చూడండి.

వచ్చినవి 24, చిట్లింది 1, పెట్టినవి 23. మొదటి రోజు మొత్తం బరువు 1035 గ్రాములు. ఈరోజు 968. గాలి గది జారినవి 9, బుడగలు తేలినవి 2. లైటు మీద 14 గుడ్లలో నరాలు బాగా కనపడతాన్నాయి. 5 ఖాళీగా పసుపుగా ఉన్నాయి. 3 గుడ్లలో ఎర్ర ఉంగరం. 1 అనుమానం. తేమ మీటరు 45 చూపిస్తాంది, ఉప్పు పరీక్షలో 80 చూపింది.

చిత్రావతి (అనంతపురం)

మీటరు 5 ఎక్కువ చెబుతోంది. అంటే అసలు తేమ 40 దగ్గరే. తూకమూ అదే చెబుతోంది: 1035లో 12 శాతం 124 గ్రాములు, ఏడు రోజులకు 48 పోవాలి. మీకు 67 పోయింది. మిగిలింది 57 గ్రాములు, 11 రోజులకు. రోజుకు 5 గ్రాముల పైన మాత్రమే పోవాలి, ఇప్పుడు దాదాపు 10 పోతోంది. నీళ్ల మూత రెండింతల వెడల్పుది పెట్టి మీటరు 60 చూపేట్టు చేయండి, అసలు 55 అవుతుంది. మూడు రోజుల తర్వాత మళ్లీ తూయండి.

తీసేసిన గుడ్ల బరువు మొదటి లెక్కలోంచి కూడా తీసేయడం మరవొద్దు. అందుకే నంబర్లు రాయమన్నది.

కుందూనది (ప్రొద్దుటూరు)

ఆ ఉంగరాల మూడూ ఈరోజే తీసెయ్. అనుమానంది పదో రోజు దాకా ఉంచు. వాసన వచ్చినా, పెంకు మీద చెమట మాదిరి తేనె రంగు చుక్క కనపడినా ఆ క్షణమే తీసి బయట గుంతలో పూడ్చు.

ఖాళీగా కనపడే ఐదూ పారేయొద్దు, సాసరులో పగలగొట్టి చూడు. పచ్చసొన మీద తెల్ల చుక్క చిన్నగా, గట్టిగా, అంచులు చెదిరి ఉంటే పుంజు తగల్లేదు. చుక్క వెడల్పై, చుట్టూ వలయాలు ఉండి మీగడ మచ్చ మాదిరి పరుచుకుని ఉంటే పుంజు తగిలింది, మొదట్లోనే చచ్చిపోయింది. అమ్మినాయనతో మాట్లాడేముందు ఈ తేడా తెలియాల. మొదటిదైతే ఆయన పెట్టల గుంపులో పుంజు సరిపోలేదు. రెండోదైతే దారిలో ఎండో, నిల్వో కారణం.

హంద్రీగట్టు (కర్నూలు)

ఐదింట్లో 2 చిన్న చుక్క, 3 పెద్ద మచ్చ. ఇంకో సమస్య అన్నా. ఈరోజు పన్నెండో రోజు. ఎండ ముదిరింది. మధ్యాహ్నం 2 గంటలకు బల్బులు రెండూ ఆరిపోయే ఉన్నాయి, అయినా పెట్టెలో 38.6. గదిలో 38.

వైండింగ్ షాపు (గుంతకల్లు)

థర్మోస్టాట్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు తమ్ముడూ. గది 33 దాటితే పెట్టె చేయి దాటిపోతాది, ఎందుకంటే ఫ్యాన్ మోటారు వేడి, పిండాల ఒంటి వేడి రెండూ కలుస్తాయి. 14 రోజులు దాటినాక గుడ్డు లోపల గాలికంటే దాదాపు ఒక డిగ్రీ ఎక్కువ ఉంటాది. గుడ్డుకు చలికంటే వేడే ప్రమాదం. రెండు మూడు గంటలు 28కి దిగితే పిల్ల కొంచెం ఆలస్యంగా లేస్తాది, అంతే. 40 దాటి కొన్ని గంటలు ఉంటే పోతుంది.

పెట్టెను కడప బండల నేల మీదికి, ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలోకి దించు. మట్టిమిద్దె ఉంటే దానికి మించింది లేదు. పెట్టె చుట్టూ, ఒక చేతి దూరంలో, తడి గోనెసంచులు కుర్చీల మీద ఆరేసి టేబుల్ ఫ్యాన్ పెట్టు. ఈ పొడి గాలికి గది ఐదారు డిగ్రీలు దిగుతాది. పెట్టె మీద నేరుగా తడిగుడ్డ వేయొద్దు, గాలి రంధ్రాలు మూసుకుంటాయి. పైన రెండు, కింద రెండు వేలెడంత రంధ్రాలు ఉండాల, చివరి వారం అన్నీ తెరిచే ఉంచాల. గోనెసంచుల వల్ల గది తేమ పెరుగుతాది, మీటరు చూసి లోపల మూత చిన్నది పెట్టు.

ఏప్రిల్, మే నెలల్లో కొత్త బ్యాచ్ పెట్టకుండా ఉండటమే మంచిది.

డేగపుంజు (కడప)

కరెంటు పోతే?

వైండింగ్ షాపు (గుంతకల్లు)

కంప్యూటర్ యూపీఎస్‌లో 7 ఏహెచ్ బ్యాటరీ, 84 వాట్-గంటలు. ముప్పావు గంట వస్తే గొప్ప. ఇంటి ఇన్వర్టర్ 150 ఏహెచ్ అయితే సగం వాడుకున్నా 900 వాట్-గంటలు. బల్బు ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి ఫ్యాన్, ఇన్వర్టర్ సొంత ఖర్చు కలిపి 60 వాట్లనుకో, 15 గంటలు. వేసవిలో అంతసేపు బల్బు అవసరమే ఉండదు, ఫ్యాన్ ఆగకుండా ఉంటే చాలు. రెండు బల్బులూ వేర్వేరు హోల్డర్లలో సమాంతరంగా కలుపు, ఒకటి మాడితే ఇంకోటి కాస్తాది.

కుందూనది (ప్రొద్దుటూరు)

18వ రోజు పనులు ముందే చెప్తా. వంచడం ఆపు. గాలి గది జారిన గుడ్లను పడుకోబెట్టొద్దు, అట్ట ట్రేలో నిలబెట్టే ఉంచు. గుంతల అడుగు కత్తిరించి గాలి తగలనీ. తేమ అసలు 65, 70. గుడ్డులో పిల్ల ముక్కు గాలి గదిలోకి పొడిచినప్పుడు చెవి దగ్గర పెడితే సన్నగా కీచు వినపడతాది. పెంకు బయట నక్షత్రం మాదిరి పగులు వచ్చినాక 12 నుంచి 24 గంటలు పడతాది. ఆ మధ్యలో పిల్ల కదలదు, ఊపిరి తీస్తా రక్తం, పచ్చసొన లోపలికి లాక్కుంటాంటాది. అప్పుడు మూత తెరిస్తే తేమ ఒక్కసారిగా పడిపోయి పొర పిల్లకు తోలు మాదిరి బిగుసుకుంటాది. తెరవొద్దు. లేచిన పిల్లలను కూడా ఆరేదాకా, ఒక రోజు దాకా, లోపలే ఉంచొచ్చు. పచ్చసొన మీద రెండు రోజులు బతుకుతాయి.

24 గంటలు దాటి పగులు పెరగకపోతే, పొర ఎండి పసుపుగా మారితే అప్పుడు మాత్రం తడి దూదితో పొర తడిపి, గాలి గది వైపు పెంకు రవ్వంత తీయి. రక్తం నరం కనపడితే ఆపేసి మళ్లీ లోపల పెట్టు.

హంద్రీగట్టు (కర్నూలు)

ఈరోజు 22వ రోజు. లెక్క: 18వ రోజుకు బతికినవి 12, అనుమానంది పదో రోజే తీసేసినా. లేచినవి 9. మిగిలిన 3 పగలగొట్టి చూసినా. ఒకటి పూర్తిగా పెరిగి, ముక్కు సన్న కొస వైపు ఉంది. ఒకటి గాలి గదిలోకి పొడిచింది గానీ బయటికి పగల్లేదు, పొర చుట్టుకుపోయి ఉంది. ఇంకోటి 15, 16 రోజుల సైజులో ఆగిపోయింది.

కుందూనది (ప్రొద్దుటూరు)

మొదటిది గాలి గది జారిన గుడ్డు అయి ఉంటాది, నంబరు చూడు. గది సరైన చోట లేకపోతే పిల్ల తల తిప్పుకునే దిక్కు తప్పుతాది. రెండోది మొదటి వారం పోయిన నీళ్ల ఫలితం. మూడోది ఆ పన్నెండో రోజు తర్వాత పడిన వేడి. 23లో 9 అంటే దూరం గుడ్లకు చెడ్డది కాదు. లోపలే చచ్చిన ఈ మూడింట్లో రెండు దారి తప్పు కాదు, పెట్టె తప్పు. వచ్చేసారి అవి దక్కుతాయి.

చిత్రావతి (అనంతపురం)

పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 చొప్పున తగ్గించండి. కింద పరుపుగా బుడ్డల (వేరుశనగ) పొట్టు వేసేవాళ్లు మన దగ్గర ఎక్కువ. బూజు వాసన ఉన్న పొట్టు వద్దు, ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్లలు నోరు తెరిచి ఎగపోస్తాయి. ఎండిన కొత్త వరి పొట్టు మంచిది. 5 నుంచి 7 రోజుల మధ్య లాసోటా (రాణిఖేత్ జబ్బు రాకుండా వేసే టీకా) చుక్క కంట్లో వేయించండి.

బయటి జిల్లా గుడ్ల పిల్లలను మీ ఇంటి కోళ్లతో నెల దాకా కలపొద్దు. తెల్ల పారుడు (పుల్లోరం), సీఆర్డీ (కోళ్లకు వచ్చే దీర్ఘకాల ఊపిరి జబ్బు) రెండూ తల్లి నుంచి గుడ్డు ద్వారానే వస్తాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు జబ్బు బయటపడిన చోటి నుంచి 10 కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. అలాంటి వార్త ఉన్న రోజుల్లో ఆ వైపు నుంచి గుడ్లు తెప్పించకండి.

హంద్రీగట్టు (కర్నూలు)

నంబరు చూసినా అన్నా. ముక్కు సన్న కొసకు ఉన్నది 17, గది జారినవాటిలో రాసినదే. పెట్టెను బ్లీచింగ్ నీళ్లతో తుడిచి ఎండలో పెట్టినా, స్పాంజి పారేసినా. అట్ట ట్రేలు కాల్చేసినా, మళ్లీ వాడకూడదు కదా?

కుందూనది (ప్రొద్దుటూరు)

కరెక్టు, వాడకూడదు. ఫ్యాన్ రెక్కలకు అంటిన నూగు కూడా బ్రష్‌తో తీయి, సెన్సరును ఇంకోసారి గోరువెచ్చని నీళ్లలో పరీక్షించి పెట్టు.